ఇంగ్లిష్‌లో ‘లేట్’ ఎలా వాడాలి: బస్సు లేటు నుంచి కీ.శే. దాకా

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటల్లో ‘లేటు’ ఒకటి. లేటయింది, లేటు చేయకు, లేటుగా వచ్చాడు, అరగంట లేటు అని బడి మొహం చూడనివాళ్లు కూడా అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మన లేటు నామవాచకమైంది. ‘చేయు’, ‘అవు’ చేర్చుకుని క్రియగానూ నడుస్తోంది. ఇంగ్లిష్‌లో లేట్ విశేషణం, క్రియావిశేషణం, అంతే. నామవాచకం కాదు, క్రియ అసలే కాదు. మనం ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు మన లేటునే అందులోకి తోస్తాం కాబట్టి “డోంట్ లేట్”, “సారీ ఫర్ ద లేట్” లాంటివి పుడతాయి.

ఇంకో తేడా కూడా ఉంది. మన లేటుకు ఉన్న అర్థం ఒకటే, ఆలస్యం. ఇంగ్లిష్ లేట్‌కు ఆలస్యమైన, ఒక కాలంలో చివరి భాగానికి చెందిన, ఇటీవలి, చనిపోయిన అని నాలుగు అర్థాలు ఉన్నాయి. వీటిలో ఏది పలుకుతుందో తేల్చేది వాక్యంలో ఆ మాట కూర్చున్న చోటు. అందుకని ముందు చోటుతో మొదలుపెట్టండి, తర్వాత అర్థాల దగ్గరకు వెళ్దాం.

మొదటి మెట్టు: మాట ఎక్కడ ఉందో చూడండి

“హర్ హస్బెండ్ ఈజ్ లేట్” అంటే ఆమె భర్త ఇంకా రాలేదు, ఎదురుచూస్తోంది. “హర్ లేట్ హస్బెండ్” అంటే ఆయన ఇక రాడు. మాటలు దాదాపు అవే, చోటు మారింది. సూత్రం చిన్నదే: ఈజ్, వాజ్, ఆర్, విల్ బి లాంటి వాటి తర్వాత లేట్ వస్తే ఆలస్యం. మనిషిని సూచించే పేరుకు ముందు, అదీ ‘ద’ గానీ మై, హిజ్, హర్, అవర్, దెయిర్ గానీ దాటాక వస్తే మరణం.

మన వైపు తరచుగా వినిపించే “మై ఫాదర్ ఈజ్ లేట్” అందుకే ఇబ్బంది పెడుతుంది. నాన్న పోయారని మీరు చెబితే, అవతలివాళ్లు “పర్లేదు, ఇంకో పది నిమిషాలు చూద్దాం” అనే ప్రమాదం ఉంది. దక్షిణాఫ్రికా, బోట్స్వానా ప్రాంతాల ఇంగ్లిష్‌లో ఈ వాడుక ఉంది గానీ బ్రిటన్, అమెరికాల్లో లేదు. పోయారని చెప్పాలంటే “మై ఫాదర్ పాస్డ్ అవే” అనండి, లేదా “మై ఫాదర్ ఈజ్ నో మోర్” బదులు సూటిగా “మై ఫాదర్ డైడ్ ఇన్ 2019” అనండి. ఇంగ్లిష్‌వాళ్లకు ‘డైడ్’ మొరటు మాట కాదు.

లేట్ తర్వాత వచ్చేది వస్తువో, వేళో, పనో అయితే మరణం గొడవ లేదు. లేట్ ఫీ, లేట్ లంచ్, లేట్ రిప్లై, లేట్ షిఫ్ట్ అన్నీ ఆలస్యమో, పొద్దుపోయిన వేళో. “ద లేట్ ట్రెయిన్” అంటే మాత్రం రెండు రకాలుగా అర్థమవుతుంది: ఆలస్యంగా వచ్చిన రైలు, లేదా రాత్రి పొద్దుపోయాక నడిచే రైలు. ఏదో స్పష్టంగా తెలియాలంటే మొదటిదానికి “ద డిలేడ్ ట్రెయిన్” అనేయండి.

మనిషే అయినా మరణం రాని చోటు ఒకటుంది. రైజర్, స్టార్టర్, బ్లూమర్ లాంటివి చేసే పనిని బట్టి వచ్చిన పేర్లు. “ఎ లేట్ రైజర్” అంటే పొద్దెక్కాక లేచేవాడు, “ఎ లేట్ బ్లూమర్” అంటే వయసు ముదిరాక ప్రతిభ బయటపడినవాడు. ఇక్కడ ముందున్నది ‘ఎ’ అని గమనించండి. ‘ఎ లేట్’ అయితే చాలావరకు ఆలస్యం, ‘ద లేట్’ అయితే అనుమానించండి. “ద లేట్ అప్లికెంట్” అని ఆఫీసు ఫైల్లో రాస్తే దరఖాస్తుదారు చనిపోయాడని చదువుకునే వీలుంది. “ద అప్లికెంట్ హూ అప్లైడ్ లేట్” అని రాస్తే రెండు మాటలు ఎక్కువైనా మనిషి బతుకుతాడు.

రెండో మెట్టు: ‘లేటు చేయు’ని ముందు తెలుగులోనే విప్పండి

ఇంగ్లిష్‌లోకి పోయే ముందు, మీరు లేటు అంటున్నది దేన్నో తేల్చుకోండి. “లేటు చేయకు” అనే ఒక్క తెలుగు వాక్యానికి ఇంగ్లిష్‌లో కనీసం మూడు దారులు ఉన్నాయి. రావడం గురించైతే “డోంట్ బి లేట్”. పనిని సాగదీయవద్దనడానికి “డోంట్ డిలే ఇట్”. త్వరగా కానివ్వమంటే “హరీ అప్”. “వాడు నన్ను లేటు చేశాడు” అంటే “హి మేడ్ మి లేట్” లేదా “హి హెల్డ్ మి అప్”. “లేటెందుకయింది?” అన్నది మనిషినైతే “వై ఆర్ యు లేట్?”, పనినైతే “వై ద డిలే?”.

నిజానికి మన లేటు చేసే పని ఇంగ్లిష్‌లో ఎక్కువగా ‘డిలే’ చేస్తుంది. అది నామవాచకం, క్రియ రెండూ. వాక్యంలో నామవాచకమో క్రియో కావాల్సిన చోట చెయ్యి లేట్ వైపు పోతుంటే, డిలే వైపు మళ్లించండి. సగం తప్పులు దీంతోనే పోతాయి. “సారీ ఫర్ ద లేట్” తప్పు. “సారీ ఫర్ ద డిలే”, “సారీ ఫర్ ద లేట్ రిప్లై”, “సారీ ఐయామ్ లేట్” మూడూ ఒప్పే. మెయిల్‌కు ఆలస్యంగా జవాబిస్తుంటే రెండోది, మీటింగ్ గదిలోకి అడుగుపెడుతుంటే మూడోది. మొదటిది ఎక్కడైనా చెల్లుతుంది.

“నాకు లేటవుతోంది” దగ్గర దాదాపు అందరం తప్పుతాం. “ఐయామ్ గెటింగ్ లేట్” మన దేశంలో చెల్లిపోతుంది, బయట వింతగా వినిపిస్తుంది. ‘నాకు’ అనే మాటను ‘ఐ’గా మార్చేయడం వల్ల వచ్చిన తంటా ఇది. మీరు ఎక్కడికో చేరాల్సి ఉండి వెనకబడితే “ఐయామ్ రన్నింగ్ లేట్” లేదా “ఐయామ్ గోయింగ్ టు బి లేట్”. పొద్దుపోయింది, ఇక బయలుదేరతానని అయితే “ఇట్స్ గెటింగ్ లేట్”. ఇందులో ‘ఇట్’ అంటే వేళ.

గడియారం విషయంలో ఇంకో పొరపాటు. “నా వాచీ ఐదు నిమిషాలు లేటు” అంటే “మై వాచ్ ఈజ్ ఫైవ్ మినిట్స్ స్లో”. గడియారం లేట్ కాదు, స్లో అవుతుంది. ముందు నడిస్తే ఫాస్ట్.

“టూ లేట్”ని ‘చాలా లేటు’ అనే అర్థంలో వాడకండి. ‘టూ’ అంటే ఇక ఉపయోగం లేనంత అని. “ఐ కేమ్ టూ లేట్” అంటే వచ్చేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది, గేటు మూసేశారు, మనిషి వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు ఆలస్యమైనా పని జరిగితే “ఐ వాజ్ వెరీ లేట్” అనాలి.

వెనకాల వచ్చే చిన్న మాటలు కూడా చూసుకోండి. బడికి, ఆఫీసుకు, పెళ్లికి అయితే ‘లేట్ ఫర్’: “లేట్ ఫర్ స్కూల్”, “లేట్ ఫర్ వర్క్”. “లేట్ టు ఆఫీస్” అని మనం అనేది తెలుగు ‘కు’కు అతికించిన ‘టు’. అమెరికాలో “లేట్ టు ద మీటింగ్” అంటారు గానీ, ఎక్కడైనా చెల్లేది ఫర్. అద్దె, ఫీజు, రిపోర్టు లాంటివి ఇవ్వడంలో ఆలస్యానికి ‘లేట్ విత్’: “లేట్ విత్ ద రెంట్”. ఎంత ఆలస్యమో చెప్పేటప్పుడు కొలత ముందు వేయడం సహజంగా ఉంటుంది: “ట్వంటీ మినిట్స్ లేట్”. మన రైల్వే స్టేషన్లలో వినే “రన్నింగ్ లేట్ బై టూ అవర్స్” తప్పేమీ కాదు, కాస్త కాగితపు భాష.

“ఐ స్లీప్ లేట్” అమెరికాలో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మనం రాత్రి పొద్దుపోయాక పడుకుంటాననే అర్థంలో అంటాం. అక్కడివాళ్లకు అది పొద్దెక్కేదాకా నిద్రపోతాడని వినిపిస్తుంది. రాత్రి గురించి చెప్పాలంటే “ఐ గో టు బెడ్ లేట్” లేదా “ఐ స్టే అప్ లేట్”. ‘లేట్ నైట్’ కూడా ఇలాంటిదే. అది నామవాచకం ముందు బాగుంటుంది, “లేట్-నైట్ షో” అన్నట్టు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి వచ్చానంటే “ఐ కేమ్ హోమ్ లేట్ ఎట్ నైట్”, నిన్న రాత్రయితే “లేట్ లాస్ట్ నైట్”.

ఆడవాళ్లు తమలో తాము “ఐయామ్ లేట్” అంటే, సందర్భాన్ని బట్టి, నెలసరి తప్పిందని అర్థం. ఫోన్‌లో ఆ ఒక్క ముక్క పంపే ముందు ‘ఫర్ ద మీటింగ్’ చేర్చడం మేలు.

పుట్టినరోజు దాటిపోయాక చెప్పే శుభాకాంక్షలకు లేట్ బదులు ‘బిలేటెడ్’ ఉంది. “బిలేటెడ్ బర్త్‌డే విషెస్” సరైన వరస. “హ్యాపీ బిలేటెడ్ బర్త్‌డే” అందరూ అంటారు, అర్థం మాత్రం పుట్టినరోజే ఆలస్యంగా వచ్చిందని. స్నేహితులకు చెల్లుతుంది.

మూడో మెట్టు: లేట్, లేట్‌లీ వేర్వేరు మాటలు

చివర ‘లీ’ చేర్చితే ‘గా’ వస్తుందని బడిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ పనిచేయదు. క్విక్ – క్విక్‌లీ లాగా లేట్ – లేట్‌లీ కాదు. ‘ఆలస్యంగా’కు ఇంగ్లిష్ లేట్ అలాగే ఉంటుంది: “హి కేమ్ లేట్”. ‘లేట్‌లీ’ అంటే ఈ మధ్య అని. “హి కేమ్ లేట్‌లీ” అంటే ఆలస్యం ఎక్కడా లేదు, వాక్యం కూడా కుంటుతుంది.

కుంటడానికి కారణం కాలం. లేట్‌లీ ఈ మధ్య మొదలై ఇప్పటికీ సాగుతున్న సంగతికి నప్పుతుంది కాబట్టి దాని పక్కన ఎక్కువగా హ్యావ్, హ్యాజ్ ఉంటాయి: “ఐ హ్యావంట్ సీన్ హిమ్ లేట్‌లీ”, “హ్యావ్ యు బీన్ టు విజయవాడ లేట్‌లీ?”. ఈ మధ్య ఒకసారి జరిగిపోయిన పనికి ‘రీసెంట్లీ’: “ఐ రీసెంట్లీ బాట్ ఎ స్కూటర్”. అక్కడ లేట్‌లీ పెట్టకండి. ‘ఆఫ్ లేట్’ కూడా లేట్‌లీ లాంటిదే, కాస్త పత్రికల భాష.

నాలుగో మెట్టు: ఒక ‘టి’నా, రెండా?

లేట్‌కు పోలిక రూపాలు రెండు జతలు. కొత్త జత లేటర్, లేటెస్ట్. పాత జత ల్యాటర్, లాస్ట్. పాత ఇంగ్లిష్‌లో ఈ మూలపదానికి నెమ్మదైన, మందమైన అని అర్థం. దాని పాత పోలిక రూపాలే ల్యాటర్, లాస్ట్‌గా మిగిలాయి. ఇప్పుడు నాలుగూ నాలుగు పనులు చేస్తాయి.

లేటర్‌లో టి ఒకటే. ‘తర్వాత’ అని, కాలానికి సంబంధించింది. ల్యాటర్‌లో టిలు రెండు, ముందున్న అచ్చు పొట్టి అవుతుంది. చెప్పిన రెండింట్లో రెండోది అని అర్థం. “రాజమండ్రి అండ్ కాకినాడ ఆర్ క్లోజ్, ద ల్యాటర్ ఈజ్ ఎ పోర్ట్” అంటే ఓడరేవున్నది కాకినాడకు. మూడు ఊళ్లు చెప్పి ల్యాటర్ అనకూడదు, ‘ద లాస్ట్’ అనాలి. అమెరికాలో అచ్చుల మధ్య టి మెత్తబడి డి లాగా వినబడుతుంది. లేటర్ ‘లేడర్’గా, ల్యాటర్ నిచ్చెనకు ఇంగ్లిష్ మాటైన ‘ల్యాడర్’తో కలిసిపోయేలా పలుకుతారు. వినేటప్పుడు అచ్చు పొడవును పట్టుకోండి.

“రెండు రోజుల తర్వాత వస్తాను” అనేదాన్ని “ఐ విల్ కమ్ టూ డేస్ లేటర్” అనకండి. ‘టూ డేస్ లేటర్’ కథ చెప్పేటప్పటి మాట, జరిగిపోయిన ఒక రోజు నుంచి లెక్క. ఇప్పటి నుంచి లెక్కిస్తే “ఇన్ టూ డేస్”. కలుస్తానని మాటిచ్చేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తుంది. “సీ యు లేటర్” మాత్రం ఉత్త వీడ్కోలు; ఎప్పుడు కలుద్దామని ఎదురు ప్రశ్న వేయనక్కర్లేదు.

లేటెస్ట్ అంటే ఇప్పటిదాకా వచ్చినవాటిలో కొత్తది, ఇంకా రావచ్చు. లాస్ట్ అంటే ఆఖరిది. బతికున్న రచయితతో “యువర్ లాస్ట్ నావెల్” అంటే ఇక రాయరా అని అడిగినట్టు ధ్వనిస్తుంది. “యువర్ లేటెస్ట్ నావెల్” అనండి.

గడువు చెప్పేటప్పుడు మన ఆఫీసుల్లో “లేటెస్ట్ బై ఫ్రైడే” రాస్తారు. “బై ఫ్రైడే ఎట్ ద లేటెస్ట్” లేదా “నో లేటర్ దేన్ ఫ్రైడే” సరైనవి. రెండింట్లోనూ శుక్రవారం లోపలే ఉంది. విదేశీ క్లయింటుకైతే గంట, టైమ్ జోన్ కూడా వేయండి; శుక్రవారం మనకు ముగిసేటప్పటికి న్యూజెర్సీలో ఇంకా మధ్యాహ్నమే.

ఐదో మెట్టు: కాలం చివరి భాగం

దీనికి తెలుగులో చక్కని మాట ఉంది, మలి. మలి వయసు, మలిదశ ఉద్యమం అంటాం. చరిత్ర పుస్తకాల్లో ‘లేటర్ వేదిక్ పీరియడ్’ను మలి వేద కాలం అని రాస్తారు. ఈ అర్థంలో లేట్‌కు ఆలస్యంతో పని లేదు, ఒక కాలాన్ని భాగాలు చేస్తే చివరి భాగం అని.

“ఇన్ ద లేట్ నైంటీన్ నైంటీస్” అంటే సుమారు 1997–99. “ఇన్ హర్ లేట్ ట్వంటీస్” అంటే 27 నుంచి 29 ఏళ్లు. “లేట్ సెప్టెంబర్” అంటే ఆ నెల చివరి పది రోజులు. దశాబ్దాలకు, వయసుకు ముందు ‘ద’ గానీ హిజ్, హర్ గానీ ఉండాలి, నెలకు అక్కర్లేదు. ‘లేట్ ఆఫ్టర్నూన్’ మనవాళ్లను కాస్త తికమక పెడుతుంది. నాలుగున్నర మనకు సాయంత్రం, వాళ్లకు లేట్ ఆఫ్టర్నూన్.

‘యాజ్ లేట్ యాజ్’ అంటే అంత ఇటీవలి వరకూ అని, కొంచెం ఆశ్చర్యంతో. “యాజ్ లేట్ యాజ్ అక్టోబర్ 1956, కర్నూల్ వాజ్ ఎ స్టేట్ క్యాపిటల్”. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి 1956 నవంబరు 1 వరకు కర్నూలే రాజధాని కాబట్టి ఆ వాక్యం నిజం, వాడుకా సరైనదే.

టమాటా, బంగాళాదుంప రైతులకు లేట్ బ్లైట్ అనే తెగులు పేరు తెలుసు. ఎర్లీ బ్లైట్‌కు ఆల్టర్నేరియా శిలీంద్రం, లేట్ బ్లైట్‌కు ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి కారణం. పేరులో లేట్ ఉంది కదా, పంట చివర్లో చూద్దాంలే అనుకుంటే మునుగుతారు. చల్లని తేమ వాతావరణం దొరికితే అది ఏ దశలోనైనా వస్తుంది.

ఆరో మెట్టు: చనిపోయినవారి పేరు ముందు

తప్పు జరిగితే నలుగురి ముందూ జరిగేది ఇక్కడే, అదీ శుభలేఖల మీద, శిలాఫలకాల మీద, పత్రాల మీద. మన కీ.శే., దివంగత, స్వర్గీయ చేసే పని లేట్ చేస్తుంది, కానీ దానికి షరతులు ఉన్నాయి.

వాక్యంలో రాసేటప్పుడు ‘ద’ తప్పనిసరి. “లేట్ శ్రీ వెంకట్రావు వాజ్ ఎ టీచర్” కాదు, “ద లేట్ శ్రీ వెంకట్రావు వాజ్ ఎ టీచర్”. మై, అవర్ ఉంటే ‘ద’ అక్కర్లేదు: “మై లేట్ ఫాదర్”. వాక్యం మధ్యలో లేట్‌కు పెద్ద ఎల్ వేయకండి. ఒకరి గురించి ఒక వ్యాసంలో ఒకసారి చెబితే చాలు, పేరు వచ్చిన ప్రతిచోటా తగిలించనక్కర్లేదు.

పదవికి ముందు లేట్ వస్తే జాగ్రత్త. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి పదవిలో ఉండగానే చనిపోయారు కాబట్టి “ద లేట్ చీఫ్ మినిస్టర్” ఆయనకు సరిగ్గా అతుకుతుంది. పి.వి. నరసింహారావు 2004 డిసెంబరులో పోయేనాటికి ప్రధాని పదవి దిగి ఎనిమిదేళ్లు దాటింది. ఆయనకు “ద లేట్ పి.వి. నరసింహారావు, ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్” అని విడదీసి రాయడం స్పష్టం. ఫార్మర్ పదవి పోయిందని చెబుతుంది, లేట్ మనిషి పోయాడని. ‘ఎక్స్’ కూడా ఫార్మర్ లాంటిదే, కాకపోతే కాస్త పొడిగా ఉంటుంది.

బతికి ఉన్నప్పుడు చేసిన పనికి లేట్ తగిలించడం ఇంకో పొరపాటు. “ద లేట్ మన్మోహన్ సింగ్ ప్రెజెంటెడ్ ద బడ్జెట్ ఇన్ 1991” అంటే చనిపోయిన మనిషి బడ్జెట్ పెట్టినట్టు ఉంటుంది. ఆయన పోయింది 2024లో. ఏడాది ఇచ్చి పని చెబుతుంటే లేట్ తీసేయండి. అలాగే “విడో ఆఫ్ ద లేట్...”లో లేట్ అనవసరం, విడో అన్నాక భర్త లేడని వేరే చెప్పాలా?

ఎన్నాళ్ల వరకు లేట్ అనవచ్చు? గీత గీసిన నియమం లేదు. చదివేవారికి ఆ మనిషి బతికున్నారేమో అన్న అనుమానం వచ్చే అవకాశం ఉన్నన్నాళ్లు. “ద లేట్ శ్రీకృష్ణదేవరాయ” అంటే నవ్వుతారు, ఆయన పోయారని అందరికీ తెలుసు. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క లేదు. తాతగారు పోయి యాభై ఏళ్లయినా “మై లేట్ గ్రాండ్‌ఫాదర్” అనవచ్చు.

లేట్ గుర్తు చేసే మాటే గానీ వార్త చెప్పే మాట కాదు. “మై అంకుల్ బికేమ్ లేట్” అనకూడదు. పరామర్శ ఉత్తరంలో కూడా “యువర్ లేట్ ఫాదర్” అని మొదలుపెట్టడం కటువుగా ఉంటుంది. “ఐ వాజ్ వెరీ సారీ టు హియర్ అబౌట్ యువర్ ఫాదర్” చాలు.

ఇప్పుడు శుభలేఖ. ఇంగ్లిష్ కార్డుల్లో “గ్రాండ్‌సన్ ఆఫ్ లేట్ శ్రీ అండ్ శ్రీమతి సుబ్బారావు” అని వేస్తారు. ఇక్కడ లేట్ ఇద్దరికీ వర్తిస్తుంది. నాయనమ్మ బతికి ఉంటే ఆమె పెళ్లిలో కూర్చుని ఆ కార్డు చదువుకుంటుంది. పేర్లు విడివిడిగా వేసి “లేట్ శ్రీ సుబ్బారావు అండ్ శ్రీమతి సీతమ్మ” అన్నా అనుమానం పూర్తిగా పోదు. ఖాయమైన మార్గం ఒకటే, బతికున్నవారి పేరు ముందు వేయడం: “శ్రీమతి సీతమ్మ అండ్ ద లేట్ శ్రీ సుబ్బారావు”. మగవారి పేరే ముందు ఉండాలని ఇంట్లో పట్టుబడితే “శ్రీమతి సీతమ్మ”ను కింది వరసలో, లేట్ తాకని విధంగా అచ్చు వేయించండి. ప్రూఫు చూసేటప్పుడు ఈ ఒక్క వరసను ఇంటి పెద్దలతో గట్టిగా చదివించండి. ప్రెస్సువాళ్లు పాత కార్డు మీదే పేర్లు మార్చే అలవాటు ఉంది, పాత ‘లేట్’ అక్కడే మిగిలిపోవచ్చు.

దస్తావేజుల్లో “సన్ ఆఫ్ లేట్...” అని ‘ద’ లేకుండా రాయడం మన దేశపు వాడుక, దాన్ని సవరించే పని పెట్టుకోకండి. ఆన్‌లైన్ ఫారాల సంగతి వేరు. తండ్రి పేరు గడిలో ‘లేట్’ టైపు చేస్తే కంప్యూటర్ దాన్ని పేరులో భాగంగానే తీసుకుంటుంది. ఒక కార్డు మీద ‘లేట్ రామయ్య’, ఇంకో కార్డు మీద ‘రామయ్య’ ఉంటే రెండు పేర్లూ సరిపోలవు, సవరణ కోసం తిరగాలి. పేరు గడిలో పేరు మాత్రమే వేయండి. జీవించి ఉన్నారా అని వేరే గడి ఉంటే అక్కడ చెప్పండి.

బ్యాంకు, కోర్టు కాగితాల్లో లేట్ బదులు ‘డిసీస్డ్’ అంటారు, “ద డిసీస్డ్ అకౌంట్ హోల్డర్” అన్నట్టు. మధ్యలో ‘స’ పలకాలి. ‘జ’ పలికితే రోగం పట్టిన అనే మాట అవుతుంది, స్పెల్లింగు కూడా వేరు. రాసేటప్పుడు ఆ రెండోది పడకుండా చూసుకోండి, కంప్యూటర్ దానికి ఎర్రగీత గీయదు.

చివరగా పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఒక మాట. ఈస్టిండియా కంపెనీ కాలపు పుస్తకాల ముఖపత్రాల మీద రచయిత పేరు కింద “లేట్ ఆఫ్ ద మద్రాస్ సివిల్ సర్వీస్” లాంటిది కనిపిస్తే ఆయన చనిపోయాడని రాసుకోకండి. ‘లేట్ ఆఫ్’ అంటే నిన్నమొన్నటి దాకా అక్కడ పనిచేసినవాడు, లేదా అక్కడ ఉన్నవాడు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన ఉద్యోగం వదిలి ఇంగ్లండులో హాయిగా ఉండి ఉండవచ్చు. ఆనాటి రికార్డుల్లో “ద లేట్ కలెక్టర్” అన్నా అంతే, బదిలీ అయిపోయిన కలెక్టరు కావచ్చు. చనిపోయిన తేదీని ఇంకో ఆధారంతో సరిచూసుకున్నాకే తెలుగులో దివంగత అని వేయండి.